మిద్దె మీద పద్యనాటకం సీను వేయాలంటే ఎట్ల మొదలుపెట్టాలి

మేము ఫ్రెండ్స్ కలిసి కర్నూల్లో మిద్దె మీద పద్యనాటకం సీన్లు వేస్తామని తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు. ఉద్యోగాలు చేసుకుంటూ పద్యాలు ఎప్పుడు నేర్చుకుంటారు, హార్మోనియం యాడ దొరుకుతుంది, మాకు సంగీతం రాదు మేము చేయొచ్చా, డ్రెస్సులకు ఎంతవుతుంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా, ఇంకెవరు అడిగినా ఇదే పంపిస్తా.

ఇది నాటక పరిషత్తుల పోటీలకు వెళ్ళేవాళ్ళ కోసం కాదు, వాళ్ళకు గురువులుంటారు. ఇరవై నిమిషాల సీను, మూడు నాలుగు వేషాలు, చూసేవాళ్ళు మన వీధివాళ్ళు, చుట్టాలు, ఆఫీసు వాళ్ళు ఒక ముప్పై నలభై మంది. అంతవరకే.

ఉద్యోగాలున్నాయి కదా అనేవాళ్ళకు మాత్రం ఒక్క మాట. మన తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ వృత్తికి ప్లీడరు. కోర్టులో కేసులూ వాదించాడు, నాటకాలూ ఆడాడు, దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇక కడప జిల్లా సురభి ఊర్లో 1885లో కీచకవధ ఆడటంతో మొదలైన కుటుంబాలు ఆ ఊరి పేరు మీదే ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నాయి. కాబట్టి ఈ సరదా సీమకు కొత్తేం కాదు. చరిత్ర ఇంతటితో చాలు, పనిలోకి పోదాం.

ఏమేం కావాలి

- మనుషులు: వేషాలకు ముగ్గురు, హార్మోనియానికి ఒకరు, వెనక నుంచి మాట అందించడానికి ఒకరు. ఈ అందించే మనిషిని "ఎవరో ఒకరు చూసుకుంటార్లే" అని వదిలేయొద్దు, మొదటి రోజు నుంచే ఉండాలి.
- సీను కాపీలు, మనిషికొకటి, పెద్దక్షరాల్లో ప్రింట్ తీసినవి. ఫోన్లో పీడీఎఫ్ చూసుకుంటూ రిహార్సల్ చేస్తే మధ్యలో వాట్సాప్ వస్తుంది, అంతే సంగతులు.
- శృతి బాక్స్ (పాడేవాళ్ళకు ఆధారంగా ఒకే స్వరం ఆపకుండా మోగించే పెట్టె), లేదంటే ఫోన్లో తంబూరా యాప్ (ఫ్రీవే బోలెడున్నాయి) ప్లస్ ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు.
- హార్మోనియం. సొంతంది లేకపోతే ఊర్లో భజన మందిరాల్లో అడగండి, భజన చేసేవాళ్ళలో వాయించే మనిషి కూడా అక్కడే దొరుకుతాడు. ఇది అన్నిటికంటే ఈజీ దారి.
- మంచం, రెండు కుర్చీలు, ముదురు రంగు దుప్పట్లు నాలుగు, తాడు, బట్టల క్లిప్పులు.
- ఒకటో రెండో స్టాండు మైకులు.
- కనీసం ఆరు వారాల టైము, వారానికి రెండు సాయంత్రాలు. ఇంతకంటే తక్కువలో చేస్తామంటే వేసుకోండి కానీ పద్యాలు సగానికి కోసేయండి.

1. సీను ఎంచుకోండి, నాటకం కాదు

మొదటిసారే నాటకం మొత్తం అనొద్దు. పద్యనాటకాల్లో మంచి సంగతేందంటే సీన్లు విడివిడిగా ఆడుకునే అలవాటు ముందు నుంచీ ఉంది. పడక సీను, రాయబారం (కృష్ణుడు కౌరవసభకు పోయేది), కాటి సీను (హరిశ్చంద్రుడు శ్మశానంలో ఉండేది) ఇట్ల దేనికదే పేరు, దేనికదే అభిమానులు.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది పడక సీనే. కృష్ణుడు పడుకుని ఉంటాడు, దుర్యోధనుడు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు వచ్చి కాళ్ళ దగ్గర నిలబడతాడు, లేచి ముందు ఎవర్ని చూశాడనేదే గొడవ. ముగ్గురితో అయిపోతుంది, కథ అందరికీ తెలుసు, నవ్వుకోవడానికి చోటుంది. రాయబారం అందరికీ ఇష్టమే గానీ సభ నిండా మనుషులు కావాలి, ఎక్కువసేపు ఊరికే కూర్చునే భీష్ముడూ ద్రోణుడూ ఎవరు వేస్తారు చెప్పండి, ఫ్రెండ్స్‌లో ఎవరూ ఒప్పుకోరు. కాటి సీను ఇద్దరితో నడుస్తుంది కానీ పద్యాలు బరువు, ఏడుపు మధ్యలో శృతి నిలబెట్టడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. మొదటిసారికి వద్దు.

పుస్తకాల గురించి: మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది, ఇద్దరు రాస్తే ఆఖరున పోయినాయన లెక్క. పడక సీను, రాయబారం రాసిన తిరుపతి వేంకట కవుల్లో రెండో ఆయన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు, కాటి సీను ఉన్న హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో. కాబట్టి వీటికి ఎవర్నీ అడగనక్కర్లేదు, పాత పుస్తకాల స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. ఈమధ్య రాసిన నాటకమైతే మాత్రం రచయితకు ఫోన్ చేసి అడగండి, చాలామంది సంతోషంగా ఆడుకోమంటారు.

హెచ్చరిక: "చింతామణి వేద్దాం, నవ్వులే నవ్వులు" అని గ్యాంగ్‌లో ఎవరో ఒకరు అంటారు. ఆ నాటకాన్ని 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, ఆ గొడవ కోర్టు దాకా పోయింది. మిద్దె మీద సరదాకు ఆ తలనొప్పి ఎందుకు, వదిలేయండి.

2. కత్తిరించండి

పుస్తకంలో ఉన్న పద్యాలన్నీ పాడితే సీను గంట దాటుతుంది. మనిషికి రెండు పద్యాలు, మించితే మూడు. ఒక్కో పద్యం రాగంతో కలిపి నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు అనుకోండి, ముగ్గురికి కలిపి పన్నెండు పదమూడు నిమిషాలు పద్యాలకే పోతుంది, మిగిలింది మాటలకు.

ఏ పద్యం తీసేయాలో ఎట్ల తెలుసుకోవాలి? తీసేసి చదవండి. కథ అతుక్కుంటే అది పోవచ్చు. ఎవరికైనా బాగా వచ్చిన పద్యం ఉంటే దాన్ని మాత్రం తీయొద్దు, కథకు అవసరం లేకపోయినా సరే, ఆ ఒక్క పద్యం కోసమే వాళ్ళు వస్తున్నారు.

3. శృతి ముందు, మిగతావన్నీ తర్వాత

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

పాత రికార్డు విని ఆ మహానుభావుడు ఏ ఎత్తులో పాడాడో అదే ఎత్తులో ఎత్తుకుంటారు, రెండో పాదానికి గొంతు చిరిగిపోతుంది, మూడో పాదం కిందికి జారుతుంది, నాలుగో పాదం దేవుడికే ఎరుక. వాళ్ళు మైకుల్లేని రోజుల్లో ఆఖరి వరస దాకా వినపడాలని పైశృతిలో పాడటం అలవాటు చేసుకున్నవాళ్ళు. మనకు మైకుంది, ఆ అవసరం లేదు.

మీ శృతి ఇట్ల కనుక్కోండి. తంబూరా యాప్‌లో మగవాళ్ళు 1 దగ్గర, ఆడవాళ్ళు 5 దగ్గర మొదలుపెట్టండి. స పట్టుకుని కిందికి దిగండి, కింది ప గాలి కాకుండా గొంతుగా వినపడాలి. తర్వాత పైకి పోండి, పై స దాటి పై గ దాకా మెడనరాలు తేలకుండా వెళ్ళాలి. కింద అందకపోతే అర శృతి పెంచండి, పైన అందకపోతే అర తగ్గించండి. మామూలుగా మగవాళ్ళు 1 నుంచి 2 మధ్యలో, ఆడవాళ్ళు 5 నుంచి 6 మధ్యలో ఆగుతారు. యాప్‌లో అంకెలు కాకుండా ఇంగ్లీషు అక్షరాలుంటే 1 అంటే సి, 1½ అంటే సి షార్ప్, 2 అంటే డి, 5 అంటే జి, 5½ అంటే జి షార్ప్, 6 అంటే ఏ. మూడున్నర కోసం వెతకొద్దు, అది ఉండదు, 3 పక్కన నేరుగా 4 ఉంటుంది.

సీనులో ఆడా మగా ఇద్దరూ పాడేది ఉంటే మగవాళ్ళకు 1, ఆడవాళ్ళకు 5 పెట్టండి, లేదా 1½, 5½. ఈ జత ఎందుకంటే మగవాళ్ళ ప ఏదో అదే ఆడవాళ్ళ స అవుతుంది, హార్మోనియం అటు నుంచి ఇటు మారినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. మారేటప్పుడు వాయించే మనిషి కొత్త శృతిలో చిన్న ముక్క వాయించి ఇవ్వాలి, పాడే మనిషి అది విని ఎత్తుకోవాలి, తొందరపడి ముందే ఎత్తుకుంటే పాత శృతిలో మొదలవుతుంది.

ఇంకో చిక్కు. అద్దెకు తెచ్చిన పాత హార్మోనియం 1, మీ ఫోన్ యాప్‌లో 1 ఒకటి కాకపోవచ్చు. రీడ్లు పాతబడితే శృతి అటూ ఇటూ అవుతుంది. రెండూ ఒకేసారి మోగించి వినండి, ధ్వని అలలు అలలుగా ఊగుతున్నట్టు వినిపిస్తే తేడా ఉన్నట్టే. అప్పుడు యాప్‌లో ఫైన్ ట్యూనింగ్ ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా జరిపి హార్మోనియానికి కలపండి. హార్మోనియాన్ని యాప్‌కు కలపలేరు కదా.

చెక్ చేసుకునేది: శృతి వేసుకుని ఎత్తుకోండి, ఎత్తుకోగానే ఎవరినైనా శృతి ఆపేయమనండి, పద్యం మొత్తం శృతి లేకుండా పాడి ఆఖరి స మీద నిలబడండి, ఇప్పుడు శృతి మళ్ళీ వేయమనండి. కలిసిందా, పాసు. కిందికి జారిందా, ఎక్కువ మందికి కిందికే జారుతుంది, మళ్ళీ.

4. పద్యాన్ని ముందు మాటగా చదవండి

రాగం ముట్టుకోకముందు ఒక వారం ఇదే పని. నా లెక్కలో పద్యనాటకం అంటే పాట కచేరీ కాదు, అది కోపంగానో వెటకారంగానో ఎదుటి మనిషితో మాట్లాడటం, కాకపోతే పాడుతూ మాట్లాడటం. ఆ ఎదుటి మనిషికి అర్థం కాకపోతే చూసేవాళ్ళకేం అర్థమవుతుంది.

ఉదాహరణకు కృష్ణుడు ధృతరాష్ట్రుడితో అన్నట్టు నేనే ఒక పాదం అల్లి చూపిస్తా:

*మానవనాథ! నీ కొడుకు మాటలు నమ్మినవారలెవ్వరో*

ఉత్పలమాల పాదం, 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. కొత్తవాళ్ళు దీన్ని ఎట్ల పాడతారంటే "మానవ... నాథనీ... కొడుకుమా... టలు నమ్మి" అని ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగుతారు. వినేవాళ్ళకు ఈ నాథనీ ఎవరు, కొడుకుమా ఏంది అని తప్ప ఇంకేం ఉండదు.

పెన్సిలు తీసుకుని గీతలు గీయండి. "మానవనాథ!" అక్కడొక చిన్న ఆగు, ఎందుకంటే అది పిలుపు, రాజును పిలిచాం, ఆయన తల తిప్పాలి. "నీ కొడుకు" మీద ఒత్తు, ఎందుకంటే కోపం అక్కడుంది. "మాటలు నమ్మినవారలు" ఒకే గుక్కలో. "ఎవ్వరో" అని కొంచెం సాగదీసి ప్రశ్నగా వదలండి. వారలు, ఎవ్వరో కలిసి వారలెవ్వరో అయింది కాబట్టి అక్కడ ఊపిరి తీసుకోకూడదు, కానీ గొంతులో విరుపు కనపడాలి. ఒక్క పాదానికి ఇంత పని. నాలుగు పాదాలకూ చేయండి.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలనేది అర్థాన్ని బట్టే గానీ పాదం అయిపోయిందని కాదు. చాలా పద్యాల్లో వాక్యం పాదం దాటి పక్క పాదంలోకి పోతుంది, అక్కడ పాదం చివర ఆగితే మాట సగంలో తెగుతుంది.

పలకడంలో తరచు కనపడే తప్పులు: ళ ను ల చేయడం, ణ ను న చేయడం, శ ష స మూడూ ఒకటే చేయడం, ధర్మం దర్మం అవ్వడం. అద్దం ముందు కాదు, ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, అద్దం ముందు మన మొహమే చూసుకుంటాం. ఇక మన సీమ యాస సంగతి, "దుర్యోధనుడు కర్నూలు యాసలో మాట్లాడితే బాగుంటుందా" అని అడుగుతుంటారు. పద్యంలో యాస రాదు, వచ్చినా ఛందస్సు రానివ్వదు. మధ్యలో వచనం కూడా గ్రాంథికంగానే ఉంటుంది కాబట్టి అట్లే చెప్పండి. రిహార్సల్‌లో మాత్రం మావాళ్ళు "ఏమప్పా కిరీటీ, యాడికి పోతివి ఇంతసేపు" అని మొదలుపెడితే ఇక ఆ రోజు రిహార్సల్ అయిపోయినట్టే.

చెక్ చేసుకునేది: కథ తెలియని ఒక పదోతరగతి పిల్లాడికి పద్యం ఒక్కసారి చదివి వినిపించండి, రాగం లేకుండా. ఎవరు ఎవరితో ఏ మూడ్‌లో అంటున్నారో వాడు చెప్పగలిగితే చాలు, ప్రతి మాటకూ అర్థం అక్కర్లేదు.

5. ఇప్పుడు రాగం

సంగీతం రాదు అనేవాళ్ళకు రెండు రాగాలు చాలు. మోహన, హిందోళం. రెండిటిలోనూ ఐదేసి స్వరాలే. మోహనలో స రి గ ప ద, హిందోళంలో స గ మ ద ని. ఠీవిగా, ఉత్సాహంగా ఉండే పద్యాలకు మోహన, కొంచెం లోతుగా బరువుగా ఉండేవాటికి హిందోళం. బిలహరి, కాంభోజి, తోడి లాంటివి నేర్చుకున్నవాళ్ళుంటే వాళ్ళిష్టం.

ఇంట్లో పిల్లల కీబోర్డు ఉంటే ఒక చిట్కా ఉంది. నల్ల కట్టలు (నల్ల మీటలు) మాత్రమే వాయించండి. 4½ అంటే ఎఫ్ షార్ప్ ను స అనుకుని పైకి పోతే అది మోహన. అదే నల్ల కట్టల్లో 6½ అంటే ఏ షార్ప్ ను స అనుకుంటే హిందోళం. తప్పు కట్ట నొక్కుదామన్నా ఉండదు. ఎత్తు ఎక్కువైతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, మోహనకు మైనస్ 5 పెడితే 1½ శృతికి వస్తుంది, ప్లస్ 2 పెడితే ఆడవాళ్ళ 5½. స్వరాలు అటూ ఇటూ పాడి చెవికి పట్టించుకోండి, ఆ తర్వాత గీతలు గీసిన పద్యాన్ని ఆ స్వరాల్లో మెల్లగా మాట్లాడండి. అవును, మాట్లాడండి అనే అంటున్నా.

పద్యానికి తాళం ఉండదు కాబట్టి తబలా అక్కర్లేదు, ఖర్చు మిగిలింది. హార్మోనియం మనిషి మీ వెనక రావాలి, మీరు హార్మోనియం వెనక పోకూడదు. ఇది వాయించే మనిషికి ముందే చెప్పండి, భజనలకు వాయించి అలవాటున్నవాళ్ళు దరువుకు తీసుకుపోతారు.

ఆఖర్లో రాగం తీయడం గురించి. పాదం చివర "ఆ..." అని తీయడం అందరికీ ఇష్టమే, చప్పట్లు కూడా అక్కడే పడతాయి. రూలు ఏం పెట్టుకోండంటే, నాలుగో పాదం చివర ఒక్కటే, ఒక్క గుక్కకు సరిపడా. ప్రతి పాదానికీ తీస్తే పక్కన నిలబడ్డ అర్జునుడు ఆవులిస్తాడు, చూసేవాళ్ళు ఫోన్లు తీస్తారు. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాలా? ఒక్కసారి పాడండి, సరదాగా ఉంటుంది. కానీ ఆ వన్స్ మోర్ అరిచింది మీ తమ్ముడైతే లెక్కలోకి రాదు.

6. అందరూ కలిసి

ఇప్పటిదాకా ఎవరి పని వాళ్ళు చేశారు, ఇప్పుడు ముగ్గురూ ఒకచోట. చూడాల్సినవి రెండే.

మొదటిది, మాట నుంచి పద్యానికి పోయే చోటు. అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న మనిషి పద్యం రాగానే అడుగు ముందుకేసి, గొంతు సవరించుకుని, మైకు వైపు తిరిగి పాడతాడు. అట్ల చేస్తే అక్కడ నాటకం ఆగిపోయింది. పద్యానికి ముందున్న ఆఖరి మాటను పాడే శృతిలోనే చెప్పి ఆ గొంతు మీదే ఎత్తుకోండి. హార్మోనియం కూడా ఆ మాట దగ్గరే సన్నగా మొదలవ్వాలి. ఈ ఒక్క అతుకు కోసం ఒక సాయంత్రం మొత్తం ఖర్చుపెట్టినా దండగ కాదు.

రెండోది, ఒకరు పాడుతుంటే మిగిలినవాళ్ళు ఏం చేయాలి. ఊరికే నిలబడితే బొమ్మల్లా ఉంటారు, అతిగా తలలూపితే కచేరీ అవుతుంది. పద్యంలో తగిలే మాట ఎక్కడుందో ముందే పట్టుకుని అక్కడ మాత్రం కదలండి. "నీ కొడుకు" అన్నప్పుడు ధృతరాష్ట్రుడి చెయ్యి కుర్చీ మీద బిగుసుకుంటే చాలు, అంతకంటే అక్కర్లేదు.

పడక సీనుకు ప్రత్యేకంగా: మంచం చూసేవాళ్ళకు అడ్డంగా వేయండి, తల ఒక పక్క, కాళ్ళు ఇంకో పక్క, అప్పుడే ఎవరు ఎక్కడున్నారో కనపడుతుంది. నవారు మంచం వద్దు, కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది, అది మైకులో పడుతుంది. దివాన్ లేదా రెండు బెంచీలు కలిపి పైన పరుపు. కృష్ణుడు పడుకుని పాడకూడదు, గుక్క అందదు, లేచి కూర్చున్నాకే ఎత్తుకోవాలి. నిద్ర నటించేటప్పుడు మొహం చూసేవాళ్ళ వైపు ఉండాలి, కన్ను ఓరగా తెరిచి మూస్తే నవ్వులు గ్యారంటీ, కానీ ఒక్కసారే.

అందించే మనిషి మొత్తం లైను చదవకూడదు, మొదటి రెండు మాటలు అందించి ఆగాలి. పద్యం మధ్యలో మర్చిపోతే అందుకోవడానికి పాదం మొదటి మాట చాలు. ఏదీ అందకపోతే రాగం తీస్తూ ఉండండి, పాదం ఎగిరిపోయినా కంగారు పడొద్దు, మీరు మొహం చిట్లించకపోతే ఎవరూ కనిపెట్టరు.

7. వేషం, మేకప్

దీనికి ఎక్కువ టైమూ డబ్బూ పెట్టొద్దు, అందరూ ఇక్కడే పెడతారు. కిరీటాలు, భుజకీర్తులు అద్దెకు దొరుకుతాయి గానీ కొలతలు సరిపోవు, కిరీటం కళ్ళ మీదికి జారుతుంటే పద్యం మీద ధ్యాస ఉండదు. తెల్ల పంచె, రంగు కండువా, కృష్ణుడికి నెమలి ఈక, దుర్యోధనుడికి మీసం, గద. చాలు, అందరికీ అర్థమవుతుంది. పంచె కింద షార్ట్ వేసుకోండి, ఎందుకని అడగొద్దు.

మీసం అంటించడానికి మేకప్ సామాన్ల షాపుల్లో స్పిరిట్ గమ్ అని దొరుకుతుంది, అదే వాడండి. ఫెవిక్విక్ లాంటివి మొహానికి పెట్టనే పెట్టొద్దు. ఏ రంగైనా గమ్మైనా ఒకరోజు ముందు మోచేతి లోపలి పక్క కొంచెం రాసి చూడండి, దురద, ఎరుపు వస్తే మానేయండి, కాటుకతో మీసం గీసుకోవచ్చు. తీయడానికి కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ, ఆ తర్వాతే సబ్బు.

8. మిద్దె, లైటు, మైకు

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు మిద్దె సాయంత్రం ఆరింటికి కూడా కాలుతుంటుంది, ఐదింటికే నీళ్ళు చల్లించి ఏడు తర్వాత మొదలుపెట్టండి. ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా అదే రోజు, ముహూర్తం బాగుంటుంది గానీ ఎండ గుర్తుపెట్టుకోండి. చలికాలం అయితే ఇంకా సుఖం.

వెనక తెరకు ముదురు నీలమో మెరూనో దుప్పటి కట్టండి. అమ్మ ధర్మవరం పట్టుచీర కడదామని ఎవరో ఒకరు తెస్తారు, వద్దు, లైటు పడితే జరీ మెరిసి మొహాలు కనపడవు, పైగా చీరకు క్లిప్పుల గుర్తులు పడితే ఇంటికి పోలేరు. లైటు నెత్తి మీద నుంచి కాకుండా ముందు రెండు పక్కల నుంచి పడాలి, నెత్తి మీద నుంచి పడితే కళ్ళ దగ్గర గుంటలు కనపడతాయి.

మైకు అద్దెకిచ్చే అన్నకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: "అన్నా, ఎకో మొత్తం తీసేయ్." మనకు ఎకో పెడితేనే సౌండ్ అనుకునే అలవాటుంది. పద్యానికి ఎకో విషం, ఒక మాట తోక ఇంకో మాట మీద పడి ఒక్క అక్షరం మిగలదు. గాలి ఉంటే మైకుకు స్పాంజి తొడుగు, లేకుంటే పలచటి కర్చీఫ్ రబ్బరు బ్యాండుతో. హార్మోనియానికి మైకు దూరంగా పెట్టండి, గొంతు కంటే అది పైకి రాకూడదు.

రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ వాడకూడదు, అది చట్టం. తొమ్మిదికల్లా ముగించుకోండి. పక్కింటివాళ్ళకు ముందే చెప్పి ముందు వరసలో కుర్చీ వేయండి, కంప్లైంట్ ఇచ్చే మనిషే వన్స్ మోర్ అంటాడు.

మిద్దె లేకపోతే అపార్ట్‌మెంట్ సెల్లారు, కల్యాణమండపం డైనింగ్ హాలు, బడి వరండా ఏదైనా సరే. సెల్లారులో గోడలకు శబ్దం తగిలి తిరిగొస్తుంది, పాత దుప్పట్లు వేలాడదీయండి. కర్నూల్లో టీజీవీ కళాక్షేత్రం, అనంతపురంలో లలిత కళాపరిషత్ లాంటి చోట్ల నాటకాలు జరుగుతుంటాయి, వేసే ముందు ఒకసారి పోయి చూసి రండి, ఆడేవాళ్ళు మైకు ముందు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి, అదే సగం ట్రైనింగ్.

9. ఆ రోజు

మధ్యాహ్నం పెరుగు, ఐస్, చల్లటి కూల్‌డ్రింకులు మానేయండి అని పెద్దవాళ్ళు చెప్తారు, నాకు తెలిసి అన్నిటికంటే ముఖ్యం పొద్దున్నుంచి నీళ్ళు బాగా తాగడం, మధ్యాహ్నం అరిచి మాట్లాడకపోవడం. ఆడే ముందు కడుపు నిండా తినొద్దు, ఉగ్గాని బజ్జి అయిపోయాక తినొచ్చు, ఎటూ పోదు. మూడింటికి మైకు పెట్టి ప్రతి ఒక్కరూ ఒక పద్యం పాడి చూడాలి, ఎవరినైనా ఆఖరి కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయించండి. వినండి. మాట తెలియకపోతే వాల్యూమ్ పెంచొద్దు, ముందు ఎకో ఉందేమో చూడండి, తర్వాత హార్మోనియం తగ్గించండి, అప్పటికీ తెలియకపోతే మీరే నిదానంగా పలకాలి. కరెంటు పోతుందని ఒక చార్జింగ్ లైటు పక్కన ఉంచండి, పోయినా ఆపకుండా పాడేయండి.

ఇంకా అడిగేవి

*హార్మోనియం వాయించేవాళ్ళే దొరకలేదు.* శృతి బాక్స్ ఒక్కటి పెట్టుకుని పాడండి. కొత్తవాళ్ళకు నిజం చెప్పాలంటే ఇదే మంచిది, తప్పుగా వెంటవచ్చే హార్మోనియం కంటే ఒక్క శృతి నయం.

*రికార్డు పెట్టి పెదాలు కదిలిస్తే?* అదొక రకం సరదా, చేసుకోండి, కానీ దానికి ఇంత రాసింది ఎందుకు చదివారు.

*ఆడవాళ్ళు కృష్ణుడు వేయొచ్చా?* నిక్షేపంగా. సురభిలో ఎప్పటి నుంచో ఆడవాళ్ళు మగవేషాలు కడుతున్నారు. శృతి 5కు మార్చుకోండి, అంతే.

*గ్యాంగ్‌లో ఒకడికి అస్సలు శృతి నిలవదు, కానీ వాడే ఎక్కువ హుషారు.* వాడికి పద్యాలు లేని వేషం ఇవ్వండి, ద్వారపాలకుడు, విదూషకుడు, ఏదో ఒకటి. లేదా పద్యాన్ని రాగం లేకుండా చదివించండి, అర్థం తెలిసి ఒత్తులు పడేట్టు చదివితే అదీ నిలబడుతుంది. వద్దని మాత్రం చెప్పకండి, కుర్చీలు మోసేది, మైకు అన్నతో బేరమాడేది, ముప్పై మందిని ఫోన్ చేసి పిలిచేది వాడే.